తెల్లకన్నుల ఈగ – మోర్గన్ పండితుని జీవితం

మన యిండ్లలో పసిబిడ్డను చూడవచ్చిన పెద్దలు ముందుగా పోలికలు వెదకుతారు. ముక్కు తండ్రిది, కళ్ళు మేనమామవి అంటారు. ఈ పోలికలు తరం నుండి తరానికి ఏ దారిన నడిచివస్తాయో ప్రయోగపూర్వకంగా చూపినవారిలో అగ్రగణ్యులు థామస్ హంట్ మోర్గన్. ఆయన చరిత్రను సంగ్రహంగా సోదర సోదరీమణుల ముందుంచుతున్నాము.

మోర్గన్ 1866వ సంవత్సరం సెప్టెంబరు 25వ తేదీన అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, లెక్సింగ్టన్ పట్టణాన జన్మించారు. బఠానీ మొక్కలపై మెండెల్ చేసిన పరిశోధన అచ్చయినది కూడా ఆ యేడే. కాని లోకం దానిని 1900 దాకా గుర్తించలేదు. మోర్గన్ 1890లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరు పట్టం పొందారు. బ్రిన్ మార్ మహిళా కళాశాలలో బోధించి, 1904లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. ఆ యేటనే జీవశాస్త్రజ్ఞురాలైన లిలియన్‌ను వివాహమాడారు.

ఆ రోజులలో ఆయనకు మెండెల్ సూత్రాలపై గాని, కణంలోని క్రోమోసోములే వంశలక్షణాలను మోస్తాయనే వాదంపై గాని నమ్మకం లేదు. ప్రయోగానికి నిలవనిదేదీ ఆయన ఒప్పుకొనేవారు కారు. పరీక్షకు ఎన్నుకొన్న ప్రాణి, మాగిన అరటిపండ్లపై ముసిరే చిన్న ఈగ. పది పన్నెండు రోజులలో దానికొక తరం గడుస్తుంది. ఒక్క ఆడ ఈగ వందలాది గ్రుడ్లు పెడుతుంది. కాపురానికి పాలసీసా చాలు. 16 అడుగుల వెడల్పు, 23 అడుగుల పొడవు గల ఆ పరిశోధనశాలకు ఈగల గది అనే పేరే స్థిరపడింది.

ఎంతో కాలం ఫలితం కనబడలేదు. 1910లో ఎర్రకన్నుల ఈగల నడుమ తెల్లకన్నుల మగ ఈగ ఒకటి పుట్టింది. దానిని ఎర్రకన్నుల ఆడ ఈగలతో జతపరచగా 1,237 ఎర్రకన్నుల పిల్లలు కలిగాయి. తెల్లకన్నులవి 3 మాత్రమే. తరువాతి తరంలో ఎర్రకన్నుల ఆడవి 2,459, మగవి 1,011. తెల్లకన్నుల మగవి 782. తెల్లకన్నుల ఆడది ఒక్కటీ లేదు!

ఇందులోని మర్మమేమి? ఆడ ఈగకు ఎక్స్ క్రోమోసోములు రెండు, మగ ఈగకు ఒకటి. మగ ఈగకు అది తల్లి నుండే రావాలి. తాత కంటి తెలుపు కూతురిలో కనబడకుండా దాగి, ఆమె కొడుకులలో బయటపడింది. మనుష్యులలో ఎరుపు, ఆకుపచ్చ తెలియని వర్ణాంధత తరచు మేనమామలోను మేనల్లునిలోను కనిపించడానికి కారణమిదే. మేనమామ పోలికకు ఈ విషయంలో శాస్త్రాధారం దొరికిందన్నమాట! ఈ ఋజువు ముందు మోర్గన్ తమ పూర్వాభిప్రాయాన్ని విడిచిపెట్టారు. పాండిత్యం కంటె యిది గొప్ప గుణమని మా తలంపు.

శిష్యులను ఆయన సహచరులుగా చూచేవారు. వారిలో స్టర్టెవంట్ విద్యార్థిదశలోనే, ఒక క్రోమోసోముపై జన్యువులు ఏ వరుసలో ఉన్నవో లెక్కగట్టి, 1913లో మొదటి పటం ప్రకటించాడు. జన్యువుల దూరాన్ని కొలిచే ప్రమాణానికి నేటికీ మోర్గన్ పేరే ఉన్నది. 1928లో ఆయన కాలిఫోర్నియాలోని పాసడీనాకు తరలి, అక్కడి సాంకేతిక విద్యాసంస్థలో జీవశాస్త్ర శాఖను నెలకొల్పారు. 1933లో నోబెల్ బహుమానం రాగా, ఆ ద్రవ్యంలో స్టర్టెవంట్, బ్రిడ్జెస్ అనే శిష్యుల పిల్లలకు కూడా భాగమిచ్చారు. 1945 డిసెంబరు 4న పాసడీనాలో కన్నుమూశారు.

జన్మమంతా వంశలక్షణాలనే శోధించిన యీ మహనీయుడు, మనిషికి వారసత్వం రెండు విధాలని వ్రాశారు. ఒకటి బీజకణాల ద్వారా వచ్చేది. రెండవది నడవడి చూపి, నోటి మాటతో, వ్రాతతో ఒక తరం మరొక తరానికి అందించేది. కంటి రంగు మొదటి దారిన వస్తుంది. భాష రెండవ దారిననే రావాలి.

తరతరాలుగా పొరుగు భాషల నడుమ కాపురముంటున్న మనకు యిది తట్టవలసిన మాట. తెలుగు మన రక్తంలోనే ఉన్నది, ఎక్కడికీ పోదు అని కొందరు ధీమాగా ఉంటారు. ఏ క్రోమోసోముపైనా తెలుగు అక్షరం లేదు. తల్లి పలికితేనే బిడ్డకు మాట, తాత చెబితేనే మనుమనికి కథ. ఒక్క తరం ఊరకున్నదా, ఆ గొలుసు తెగుతుంది. తాత కంటి తెలుపు వలె అది మనుమనిలో తనంత తాను తిరిగి రాదు.

ఈ యుగాదినాడు పచ్చడితో పాటు పిల్లలకు నాలుగు తెలుగు మాటలు కూడా పెట్టుదుము గాక!