దుగ్గిరాల: ఊరిని హద్దు దాటించిన మనిషి

ఫస్ట్ జాబ్‌లో చేరిన సీనియర్లను అడగండి. పీపీఎఫ్‌లో డబ్బు వేసి పన్ను తగ్గించుకుంటే అది చట్టం ఇచ్చిన వెసులుబాటు. కట్టని అద్దెకు రసీదు పెడితే ఎగవేత. నూరేళ్ల కిందట ఈ తేడాను ఒక ఊరు మొత్తం అనుభవించి చూసింది. ఆ ఊరు చీరాల. నడిపించింది దుగ్గిరాల గోపాలకృష్ణయ్య.

ఆయన 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్నప్పుడే అమ్మానాన్న పోయారు. ఎడిన్‌బరోలో ఎం.ఏ. చేసొచ్చి రాజమండ్రిలో, తర్వాత మచిలీపట్నం జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. ఎక్కడా ఎక్కువకాలం ఇమడలేదు. చివరికి చీరాల చేరి, రామదండు అనే వాలంటీర్ల దళాన్ని తయారుచేశారు.

అప్పటికే ప్రభుత్వం చీరాల, పేరాల కలిపి మున్సిపాలిటీ చేసింది. జనాభా సుమారు 15 వేలు, చాలామంది నేతగాళ్లు. యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి 4 వేల రూపాయలున్న పన్ను దాదాపు 40 వేలకు ఎక్కింది. మాకీ మున్సిపాలిటీ వద్దు మొర్రో అన్నా మద్రాసు వినలేదు. జనం పన్ను కట్టడం మానేశారు. చట్టం ప్రకారం అది నేరమే. 12 మంది జైలుకెళ్లారు, అందులో ఒకామె కూడా ఉంది.

1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చారు. ఆయన చెప్పిన దారులు రెండు: శాంతంగా పన్ను నిరాకరించడం, లేదా ఊరే వదిలిపోవడం. దుగ్గిరాల రెండోది పట్టుకున్నారు. మున్సిపాలిటీ హద్దు దాటితే మున్సిపల్ పన్ను ఎక్కడిది? లాయర్ బుర్రే! సుమారు 13 వేల మంది ఇళ్లకు తాళాలేసి, హద్దు బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు. ఎండలు, వానలు, చలి, అన్నీ అక్కడే. 11 నెలలు.

లెక్క చూస్తే కట్టాల్సిన పన్ను కంటే వాళ్లు పోగొట్టుకున్నదే ఎక్కువ. అందుకే దీన్ని డబ్బు మిగుల్చుకునే ఎత్తు అనలేను. కానీ రెక్కాడితేగాని డొక్కాడని నేతగాళ్లను అన్ని నెలలు పాకల్లో ఉంచడం న్యాయమేనా? ఈ ప్రశ్న నన్ను వదలట్లేదు.

ఆ ఏడాదే బరంపురంలో, మాట్లాడొద్దన్న ఉత్తర్వు మీరినందుకు దుగ్గిరాలకు ఏడాది జైలు పడింది. తిరుచిరాపల్లి పంపారు. నాయకుడు లేడు, నిధులు అయిపోయాయి. జనం ఒక్కొక్కరే తాళాలు తీసుకున్నారు.

దుగ్గిరాల 1928 జూన్ 10న క్షయతో పోయారు. అప్పటికి 39 ఏళ్లు. చీరాల ఇప్పటికీ మున్సిపాలిటీయే.