కాటన్ దొర ఇంటిపేరు

పలాస స్టేషనులో రైలెక్కి రాజమహేంద్రవరమునకు బోవు విద్యార్థి సామర్లకోట దాటిన పిమ్మట కిటికీనుండి తల త్రిప్పలేడు. ద్వారపూడి, అనపర్తి ప్రాంతములలో కనుచూపు మేర వరిచేలు, వాని నడుమ నిండుగా పారు కాలువలు. ఉద్దానపు కొబ్బరితోటలను, జీడితోటలను చూచి పెరిగిన కన్నులకు ఆ పచ్చదనము వేరుజాతిదిగా తోచును. ఆ కాలువలకు మూలపురుషుడు కాటన్ దొర యని అతడు బడిలో చదివియే యుండును. ఆ పేరునకు అర్థమేమని యడిగినచో పత్తి యని తడుముకొనక చెప్పును. కాశీబుగ్గ పిల్లవాడే కాదు, ఆంగ్లమున పట్టభద్రులైనవారును పెక్కుమంది అట్లే చెప్పుదురు. పత్తికిని ఈ పేరునకును ధ్వనిసామ్యమే గాని చుట్టరికము లేదు.

పత్తి యను అర్థముగల మాట అరబ్బీ భాషనుండి ఫ్రెంచి మీదుగా ఆంగ్లమున ప్రవేశించినది. ఇంటిపేరైన కాటన్ ఆ నేలమీదనే పుట్టినది. ప్రాచీనాంగ్లమున కాట్ అనగా గుడిసె. కాటుమ్ అనగా గుడిసెల యొద్ద. ఆ రూపమే నోళ్ళలో అరిగి ఊరి పేరైనది. నాలుగు గుడిసెలున్న ప్రతిచోటను అట్టి పేరు పుట్టుటకు వీలున్నది గనుక ఇంగ్లండులో ఈ పేరుగల పల్లెలు అనేకములు. కేంబ్రిడ్జి చెంత ఒక కోటన్ కలదు. స్టాఫర్డుషైరులో ఒక కాటన్ కలదు. ష్రాప్‌షైరులో మరియొక కోటన్ కలదు. వ్రాతలో అక్షరము మారినను వేరు ఒక్కటియే.

ఊరి పేరు ఇంటిపేరగుట తెలుగువారికి వింత కాదు. కందుకూరు నుండి కందుకూరివారు, గురజాడ నుండి గురజాడవారు వచ్చిరి. ఇందొక చమత్కారము కలదు. టెక్కలిలో కాపురమున్న వానిని టెక్కలివాడని ఎవరును పిలువరు. అక్కడ అందరును టెక్కలివారే గదా! అతడు మందసకో సోంపేటకో తరలిపోయిన పిమ్మట అక్కడి ఇరుగుపొరుగువారు ఆ పేరు పెట్టుదురు. ఊరు విడిచినవానికే ఊరి పేరు దక్కును. ఇంగ్లండులోను ఇంతే జరిగినది. నార్మను రాజుల కాలమునుండి దస్తావేజులు వ్రాయు లేఖకులు మనిషి పేరునకు ఫలాన ఊరివాడను గురుతు చేర్చుచు వచ్చిరి. కాలక్రమమున ఆ విభక్తి ప్రత్యయము జారిపోయి ఊరి పేరు మాత్రము మిగిలినది. మనకు ఇంటిపేరు ముందు వచ్చును, వారికి చివర వచ్చును. ఈ భేదము చిన్నదే గాని ఈ కథలో దానితో పని పడును.

ఊళ్ళు అనేకములు గనుక కాటన్‌లందరును ఏకవంశీయులు కారు. ప్రాచీన వ్రాతప్రతులను సేకరించి జాతికి దక్కించిన రాబర్ట్ కాటన్ ఒకడు. ఆంగ్లభాషలోని ఆదికావ్యములలో నొకటియైన బేవుల్ఫ్ ఏకైక ప్రతి ఆయన గ్రంథాలయమున నుండుటచేతనే నేటికి దక్కినది. 1633లో సముద్రము దాటి అమెరికాలోని బోస్టను చేరిన మతాచార్యుడు జాన్ కాటన్ మరియొకడు. మన దేశమున ఈ పేరు మూడుచోట్ల గట్టిగా నాటుకొన్నది. కలకత్తా బిషప్పుగా నుండి 1866లో నదిలో పడి మరణించిన జార్జి కాటన్ పేరిట సిమ్లాలోను, బెంగుళూరులోను పాఠశాలలు కలవు. 1904లో బొంబాయి కాంగ్రెసునకు అధ్యక్షత వహించిన హెన్రీ కాటన్ పేరు గౌహతి కళాశాలకు వచ్చినది. అది నేడు విశ్వవిద్యాలయము. మూడవ పేరు ధవళేశ్వరమున నున్నది. ఈ మువ్వురిని ఒక్కరినిగా తలచి వ్రాసినవారును లేకపోలేదు.

ధవళేశ్వరపు కాటన్, అనగా ఆర్థర్ కాటన్, 1803 మే 15న జన్మించెను. తండ్రి హెన్రీ కాల్వలీ కాటన్. వీరిది చెషైరులోని కాంబర్మియరు కాటన్‌ల శాఖ. ఎనిమిదవ హెన్రీ మఠములను రద్దుచేసిన కాలమున కాంబర్మియరు మఠము ఈ వంశమువారికి సంక్రమించినది. గుడిసెల పేరు ధరించిన కుటుంబము అట్లు మఠమునే నివాసముగా చేసికొన్నది. అయిన నేమి? ఆర్థరు తన తండ్రికి పదియవ కుమారుడు. నాటి ఇంగ్లండులో ఆస్తి జ్యేష్ఠునకే చెందెడిది. పదియవవానికి దక్కునది ఇంటిపేరొక్కటియే. అందుచేత కంపెనీ కొలువు తప్పలేదు. అడిస్కంబు సైనికపాఠశాలలో చదివి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళమున చేరి, 1821లో మద్రాసులో అడుగుపెట్టెను. అప్పటికి వయస్సు 18 సంవత్సరములు.

పాంబను జలసంధి కొలతలు, బర్మా యుద్ధము మున్నగునవి త్వరగా దాటిపోవచ్చును. ఆయన అసలు చదువు తంజావూరు సీమలో సాగినది. అక్కడ కావేరిపై కరికాళచోళుని పేరిట చెప్పబడు కల్లణై యను ప్రాచీనమైన ఆనకట్ట కలదు. ఇసుకలో ఎంత త్రవ్వినను రాయి తగులని నదిలో కట్టడము నిలుచుట ఎట్లు? ఐరోపా శాస్త్రము గట్టి పునాదినే కోరెను. కల్లణై కట్టినవారు మాత్రము రాళ్ళను ఇసుకమీదనే పేర్చిరి. అవి కొంత దిగబడి, ఇక దిగబడక స్థిరపడినవి. ఆ రహస్యమును తాను ఈ దేశపు పూర్వులనుండియే గ్రహించితినని కాటన్ దాపరికము లేక అంగీకరించెను. 1836లో కొల్లడం నదిపై ఆనకట్టలు కట్టినపుడు ఇసుకలో నూతులు దించి పునాదులు వేయు దేశీయపద్ధతినే అవలంబించెను. పాఠము నేర్పినవారి పేర్లు చరిత్రలో లేవు, నేర్చుకొన్నవాని పేరు నిలిచినది. ఇది అన్యాయమే గాని, నేర్చుకొన్నట్లు ఒప్పుకొనిన దొరలు ఆ రోజులలో అరుదు.

ఆ తరువాత ఆరోగ్యము చెడి ఆస్ట్రేలియా వైపు వెళ్ళి, 1841లో టాస్మేనియాలో ఎలిజబెత్ లియర్మంత్‌ను వివాహమాడి, తిరిగివచ్చి విశాఖపట్టణమున కొంతకాలము పనిచేసెను. గోదావరి పిలుపు అక్కడనే వచ్చినది.

నాటి గోదావరి సీమను నేటి పచ్చదనముతో ఊహింపరాదు. నిండు నది ప్రక్కన పారుచుండగా జనము దప్పికతో మలమల మాడిరి. 1832-33లో వచ్చిన నందన కరవు గుంటూరు మొదలు ఉత్తరముగా పల్లెలను తుడిచిపెట్టినది. 1839లో తుపాను కోరంగిని ముంచివేసినది. రాజమహేంద్రవరము జిల్లాలో 1821లో 7 లక్షలు దాటియున్న జనాభా 20 సంవత్సరములలో 6 లక్షలకు లోబడి పోయినది. చెరకు, వరి పండదగిన ఒండునేల పైరులేక పడియుండెను. 1844లో కాటన్ ప్రభుత్వమునకు నివేదిక సమర్పించెను. ప్రజలు చచ్చుచున్నారని వ్రాసిన చాలదని ఆయనకు తెలియును. కంపెనీవారికి పట్టునది శిస్తు. అందుచే కరుణతోపాటు గణితమును చేర్చి, ఒక రూపాయి నీటిపై పెట్టినచో ఎన్ని రూపాయలు తిరిగివచ్చునో లెక్కలు చూపెను. దీనిని కాటన్‌కు లోపముగా ఎన్నువారు కలరు. వలసప్రభుత్వపు తలుపు తట్టుటకు అంతకంటె వేరు కఱ్ఱ ఆయన చేతిలో లేదు.

1847లో పని ప్రారంభమైనది. ధవళేశ్వరము కడ నది లంకల మధ్య నాలుగు పాయలై సుమారు 4 మైళ్ళ వెడల్పున పారును. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట సాగినది. రాయి వెదకనక్కరలేదు, ధవళేశ్వరపు కొండ నది యొడ్డుననే కలదు. కొండను పగులగొట్టి, పట్టాలపై బండ్లు నడిపి రాయి చేరవేసిరి. వేసవిలో నది తగ్గిన కొద్ది మాసములలోనే పని జరుగవలెను. వరద వచ్చినచో చేసినదంతయు ప్రశ్నార్థకమగును. కూలీలు వేలకొలది పనిచేసిరి. వడదెబ్బ తగిలి కాటన్ 1848లో సెలవుపై పోవలసివచ్చినది. ఓర్ అను అధికారి పని నడపెను. 1850లో కాటన్ తిరిగివచ్చెను. కాలువల పనిలో వీణెం వీరన్న యను తెలుగు ఉద్యోగి ఆయనకు కుడిభుజముగా నుండెను. 1852లో ఆనకట్ట పూర్తియైనది. హెయిగ్ అను యువ ఇంజనీరు గన్నవరము వద్ద వైనతేయ పాయమీదుగా కాలువను దాటించి కోనసీమ లంకలకు నీరందించెను. మరి మూడేండ్లకు విజయవాడవద్ద కృష్ణానదిపైనను ఆనకట్ట లేచినది.

గోదావరికి వచ్చినది గంజాము జిల్లాకు రాలేదు. నాడు టెక్కలి, పలాస ప్రాంతములు ఆ జిల్లాలోనివే. 1858లో కాటన్ ఒరిస్సాకు వెళ్ళి మహానదిపై ఆనకట్టలకు, కాలువలకు సలహా ఇచ్చెను. ఇటు గోదావరి, అటు మహానది. నడుమ నున్న వంశధార, మహేంద్రతనయలవైపు చూచినవారు లేరు. 1866 నాటి మహాక్షామము ఒరిస్సానే గాక గంజామును గూడ పీడించినది. వంశధారపై గొట్టావద్ద బ్యారేజి లేచుటకు 20వ శతాబ్దపు ఉత్తరార్ధము వరకు వేచియుండవలసివచ్చినది. ఇది కాటన్‌పై నేరారోపణ కాదు. ఒక్క మనిషి ఆయుర్దాయమున రెండు మూడు నదులు కుదుటపడుటయే గొప్ప.

ఆయన చేసినదంతయు ఫలించినదనుట పొరపాటు. తుంగభద్రపై కర్నూలు, కడప కాలువను ఒక ప్రైవేటు కంపెనీ ఆయన ఆలోచనల ననుసరించి త్రవ్వెను. ఖర్చు అంచనాలను దాటిపోయినది, ఆదాయము రాలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసివచ్చినది. విరోధులకు అది మంచి ఆయుధమైనది. అంతకంటె పెద్ద వివాదము రైళ్ళది. దేశమంతటను కాలువలు త్రవ్వి, నదులను కలిపి, పడవలలో సరకు పంపవచ్చునని, అట్టి కాలువ పొలమును తడుపుననియు, రైలు తడుపదనియు ఆయన వాదించెను. కరవు ప్రాంతమునకు ధాన్యము మోయుటకంటె అక్కడనే పండించుట మేలు గదా యని ఆయన తర్కము. ఫ్లారెన్సు నైటింగేలు వంటివారు ఆయనను సమర్థించిరి. 1878లో పార్లమెంటు నియమించిన విచారణసంఘము ఎదుట 75 ఏండ్ల వృద్ధుడై సాక్ష్యము చెప్పెను. సంఘము ఆయన పథకములను ఆమోదింపలేదు. రైళ్ళే గెలిచినవి. పలాసనుండి గోదావరిని చూడబోవు విద్యార్థి నేడు ప్రయాణించుచున్నది గెలిచినవారి బండిలోనే. కిటికీనుండి చూచుచున్నది ఓడినవాని కాలువలను. సరకు రవాణాకు కాలువలు చాలునన్న మాటలో ఆయన అతిగా ఆశపడెను. నీటిని గూర్చి చెప్పినదానిలో తప్పు పట్టుట కష్టము.

1861లో ఆయనకు సర్ బిరుదు లభించినది. చివరి దినములు ఇంగ్లండులోని డార్కింగు పట్టణమున గడపెను. అక్కడను ఊరకుండక, నేలను లోతుగా దున్ని గోధుమ దిగుబడి పెంచు ప్రయోగములు చేయుచుండెను. 96 ఏండ్లు నిండి 1899 జూలైలో మరణించెను. మరుసటి సంవత్సరమే కుమార్తె లేడీ హోప్ రచించిన ఆయన జీవితచరిత్ర వెలువడినది.

ధవళేశ్వరము వద్ద పాత ఆనకట్ట ముసలిదగుటచే 1970లో క్రొత్త బ్యారేజి నిర్మాణము మొదలై 1982లో ముగిసినది. దానిక్రింద సుమారు 10 లక్షల ఎకరములు సాగగుచున్నవి. దానికి సర్ ఆర్థర్ కాటన్ పేరే పెట్టిరి. ఆయన పేరిట ధవళేశ్వరమున మ్యూజియము కలదు. డెల్టా పల్లెలలో, కూడళ్ళలో విగ్రహములు కలవు. ఒక ఊరి పేరు మనుష్యుల ఇంటిపేరై, సముద్రము దాటి, మరల ఒక ఊరియందలి కట్టడమునకు పేరైనది.

ఆంగ్లమర్యాద ప్రకారము సర్ అను బిరుదు ఇంటిపేరునకు చేరదు, స్వనామమునకే చేరవలెను. సర్ ఆర్థర్ అనవలెను గాని సర్ కాటన్ అనరాదు. గోదావరి రైతునకు ఈ నియమముతో పనిలేదు. అతనికి ఇంటిపేరే ముందు. ఆర్థరను మాట విడిచిపెట్టి, ఇంటిపేరునకే గౌరవవాచకము తగిలించి, కాటన్ దొర యని పిలుచుకొనెను. బ్యారేజిమీది బోర్డుపై సర్ ఆర్థర్ అని యున్నను, పడవవాడు, పాలేరు, బడిపంతులు నేటికిని అనుచున్నది కాటన్ దొర యనియే.