వై.యస్. రాజశేఖరరెడ్డి

యెడుగూరి సందింటి రాజశేఖరరెడ్డి (1949 జూలై 8 - 2009 సెప్టెంబరు 2) ఆంధ్రప్రదేశ్‌కు చెందిన రాజకీయ నాయకుడు, వైద్యుడు. 2004 మే 14 నుండి మరణించే వరకు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేశాడు. వై.యస్., వై.యస్.ఆర్. అనే పొడి అక్షరాలతో ప్రసిద్ధుడు. ఇతని పాలనాకాలంలో 2005లో మొదలైన 108 అత్యవసర సేవ, రోడ్డు ప్రమాదాలలో గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చే పద్ధతిని మార్చివేసింది. పదవిలో ఉండగానే నల్లమల అడవులలో జరిగిన హెలికాప్టరు ప్రమాదంలో మరణించాడు.

బాల్యము, విద్య

రాజశేఖరరెడ్డి కడప జిల్లా జమ్మలమడుగులోని క్యాంప్‌బెల్ మిషన్ ఆసుపత్రిలో జన్మించాడు. తల్లి జయమ్మ, తండ్రి రాజారెడ్డి. వీరి స్వస్థలం పులివెందుల. పాఠశాల విద్య బళ్ళారిలోని సెయింట్ జాన్స్ పాఠశాలలోను, తరువాతి చదువు విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాలలోను సాగింది. గుల్బర్గాలోని మహాదేవప్ప రాంపూరె వైద్య కళాశాలలో ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి, తిరుపతి శ్రీవేంకటేశ్వర వైద్య కళాశాలలో హౌస్ సర్జన్‌గా పనిచేశాడు.

ఇతని భార్య విజయమ్మ. కుమారుడు జగన్‌మోహన్‌రెడ్డి, కుమార్తె షర్మిల. వీరిద్దరూ తరువాతి కాలంలో రాజకీయాలలో ప్రవేశించారు. కుమారుడు 2019 నుండి 2024 వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్నాడు.

వైద్య వృత్తి

చదువు ముగిసిన తరువాత, తాను పుట్టిన జమ్మలమడుగు ఆసుపత్రిలోనే కొంతకాలం వైద్యాధికారిగా పనిచేశాడు. 1973లో పులివెందులలో తండ్రి పేరున 70 పడకల ఆసుపత్రిని నెలకొల్పాడు. ఆ రోజులలో కడప జిల్లాలో ప్రభుత్వ వైద్య కళాశాల లేదు. పెద్ద శస్త్రచికిత్స అవసరమైతే రోగిని తిరుపతికో, కర్నూలుకో తరలించవలసి వచ్చేది. రోడ్డుపై గాయపడిన వారిని లారీలోనో, జీపులోనో, ఎద్దుల బండిలోనో ఎక్కించుకొని రావడమే గతి. దారిలో ప్రథమ చికిత్స చేసేవారు ఉండరు. ముఖ్యమంత్రి అయిన తరువాత వైద్య రంగంలో ఇతను చేపట్టిన పథకాలకు ఈ అనుభవమే నేపథ్యమని చెప్పవచ్చు.

రాజకీయ జీవితం

1978లో పులివెందుల నుండి శాసనసభకు ఎన్నికయ్యాడు. 1980 - 83 మధ్య రాష్ట్ర మంత్రివర్గంలో గ్రామీణాభివృద్ధి, ఎక్సైజు, విద్యాశాఖలు నిర్వహించాడు. 1989, 1991, 1996, 1998 ఎన్నికలలో కడప నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. రాష్ట్ర కాంగ్రెసు కమిటీకి రెండు పర్యాయాలు అధ్యక్షుడుగా ఉన్నాడు. 1999లో మరల శాసనసభకు వచ్చి ప్రతిపక్ష నాయకుడయ్యాడు. పోటీచేసిన ఎన్నికలలో ఒక్కదానిలోనూ ఓడిపోలేదు.

2003 ఏప్రిల్ 9న చేవెళ్ళలో బయలుదేరి, మండు వేసవిలో సుమారు 1,500 కిలోమీటర్లు నడిచి ఇచ్ఛాపురంలో పాదయాత్ర ముగించాడు. 2004 ఎన్నికలలో కాంగ్రెసు విజయం సాధించగా ముఖ్యమంత్రి అయ్యాడు. రైతులకు ఉచిత విద్యుత్తు, జలయజ్ఞం, విద్యార్థులకు ఫీజుల చెల్లింపు ఈ కాలపు ముఖ్య పథకాలు. జలయజ్ఞం పనులలో, భూముల కేటాయింపులలో అక్రమాలు జరిగాయని ప్రతిపక్షాలు ఆరోపించాయి. 2009 ఎన్నికలలో కాంగ్రెసు మళ్ళీ గెలవడంతో రెండవసారి ముఖ్యమంత్రిగా ప్రమాణస్వీకారం చేశాడు.

108 సేవ

రోడ్డు ప్రమాదంలో తీవ్రంగా గాయపడినవారికి మొదటి గంట అత్యంత కీలకమైనది. రక్తస్రావాన్ని ఆపడం, ఊపిరి ఆడేటట్లు చూడడం, విరిగిన ఎముకలను కదలకుండా కట్టడం ఆ సమయంలోనే జరగాలి. ఈ అవసరం కోసం సత్యం కంప్యూటర్స్ అధినేత బి. రామలింగరాజు కుటుంబం ఎమర్జెన్సీ మేనేజిమెంట్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అనే లాభాపేక్ష లేని సంస్థను స్థాపించింది. రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థతో ఒప్పందం చేసుకొనగా, 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ ప్రారంభమైంది. తరువాత క్రమంగా రాష్ట్రమంతటా విస్తరించింది.

ఏ ఫోను నుండైనా 108కి రుసుము లేకుండా పిలుపు చేయవచ్చు. పిలుపు అందుకున్న ఉద్యోగి ప్రమాదస్థలం, గాయపడిన వారి సంఖ్య, వారి పరిస్థితి అడిగి తెలుసుకొని, దగ్గరలో ఉన్న వాహనాన్ని పంపుతాడు. వాహనంలో పైలట్ అని పిలువబడే డ్రైవరుతో పాటు శిక్షణ పొందిన వైద్య సహాయకుడు ఉంటాడు. చికిత్స వాహనంలోనే మొదలవుతుంది. రోగి వద్ద డబ్బు తీసుకోరు. రోడ్డు ప్రమాదాలే కాక కాన్పులు, గుండెపోటు, పాముకాటు వంటి సందర్భాలలో కూడా పల్లెవాసులు దీనిపై ఆధారపడసాగారు.

గాయపడిన వారికి ముందు చికిత్స చేయాలని, పోలీసు లాంఛనాల కోసం ఆగరాదని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు ఇచ్చింది. అయినా పోలీసు స్టేషన్ల చుట్టూ తిరగవలసి వస్తుందనే భయంతో దారినపోయేవారు ముందుకు వచ్చేవారు కాదు. గాయపడినవారిని తాకకుండానే సహాయం పిలిచే వీలు 108 వల్ల కలిగింది. సహాయం చేసినవారికి చట్టరక్షణ మాత్రం చాలా కాలం తరువాత, 2016 నాటి సుప్రీంకోర్టు తీర్పుతోను, 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టంతోను లభించింది.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఖాతాలలో అక్రమాలను రామలింగరాజు స్వయంగా వెల్లడించడంతో ఈ సేవ భవితవ్యం సందేహంలో పడింది. అప్పటికే నిర్వహణ వ్యయంలో అధిక భాగాన్ని ప్రభుత్వమే భరిస్తున్నందున వాహనాలు ఆగలేదు. ఆ సంవత్సరమే సంస్థ బాధ్యతను జీవీకే స్వీకరించింది. గుజరాత్ మొదలైన రాష్ట్రాలు కూడా ఇదే పద్ధతిని చేపట్టాయి.

ఆసుపత్రికి చేరిన తరువాత జరగవలసిన చికిత్స కోసం 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. కడపలో రాజీవ్ గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ 2006లో ఏర్పడింది.

హెలికాప్టరు ప్రమాదం

2009 సెప్టెంబరు 2న చిత్తూరు జిల్లా అనుపల్లెలో రచ్చబండ కార్యక్రమాన్ని ప్రారంభించడానికి రాజశేఖరరెడ్డి ఉదయం 8:38కి బేగంపేట విమానాశ్రయం నుండి బయలుదేరాడు. ప్రభుత్వానికి చెందిన బెల్ 430 హెలికాప్టరులో అతనితో పాటు ప్రత్యేక కార్యదర్శి పి. సుబ్రహ్మణ్యం, ముఖ్య భద్రతాధికారి ఎ.ఎస్.సి. వెస్లీ, పైలట్లు ఎస్.కె. భాటియా, ఎం.ఎస్. రెడ్డి ఉన్నారు. గంట గడవక ముందే హెలికాప్టరుతో సంబంధాలు తెగిపోయాయి. వాయుసేన సుఖోయ్ విమానాలతోను, ఇస్రో ఉపగ్రహ చిత్రాలతోను, వేలాది భద్రతా సిబ్బందితోను నల్లమలను గాలించారు. మరునాటి ఉదయం పావురాలగుట్ట వద్ద శకలాలు కనిపించాయి. ఐదుగురూ మరణించారు. లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి 2002 మార్చి 3న కైకలూరు వద్ద హెలికాప్టరు ప్రమాదంలోనే మరణించిన ఏడేళ్ళకు ఈ దుర్ఘటన జరిగింది.

విచారణ

ఆర్.కె. త్యాగి అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం నివేదిక ప్రకారం, ఇంజను శక్తిని పైరెక్కలకు అందించే వ్యవస్థలో నూనె పీడనం తగ్గినట్లు ప్రయాణంలో హెచ్చరిక వచ్చింది. అటువంటప్పుడు ఏమి చేయాలో తెలుసుకొనడానికి పైలట్లు కరదీపికను వెదుకుతూ ఆరు నిమిషాలకు పైగా గడిపారు. కావలసిన సూచన దొరకలేదు. అంతసేపూ ఎదుట కమ్ముకున్న వాతావరణంపై వారి దృష్టి నిలవలేదు. హెలికాప్టరు దట్టమైన వానమబ్బులలోకి ప్రవేశించి, బలమైన క్రిందిగాలికి చిక్కి, అదుపు తప్పి కొండను ఢీకొన్నది. ప్రమాదానికి ప్రత్యక్ష కారణం నూనె పీడనపు లోపం కాదని, అది పైలట్ల దృష్టి మరల్చిందని నివేదిక సారాంశం. కుట్ర జరిగిందన్న అనుమానాలకు ఆధారాలు లభించలేదు.

లోపం ఎదురైనప్పుడు ఒకరు దానిని చూస్తూ ఉంటే మరొకరు దారిని మాత్రమే చూడాలన్నది వాహన చోదనలో ప్రాథమిక సూత్రం. ఎవరూ దారి చూడని ఆ కొద్ది నిమిషాలే ఐదుగురి ప్రాణాలు తీశాయి. అత్యవసర సూచనలు చేతికి వెంటనే అందేటట్లు ఉండడం, ప్రతికూల వాతావరణంలో ప్రయాణం మానుకొనడం ఎంత అవసరమో ఈ ప్రమాదం చూపింది.

మరణానంతరం

2009 సెప్టెంబరు 4న వేంపల్లె మండలంలోని ఇడుపులపాయలో అంత్యక్రియలు జరిగాయి. ఎర్రగుంట్ల వైపు నుండి వచ్చేవారు వీరపునాయునిపల్లె మీదుగా అక్కడికి చేరుకుంటారు. నల్లకాల్వ వద్ద స్మృతివనం ఏర్పాటైంది. కడప జిల్లాకు 2010లో వై.యస్.ఆర్. జిల్లా అని పేరు పెట్టారు. 2025లో దానిని వై.యస్.ఆర్. కడప జిల్లాగా మార్చారు. రాష్ట్ర విభజన తరువాత కూడా 108 సేవ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోను కొనసాగింది. నిర్వాహక సంస్థలు మారినా, ప్రజలు గుర్తుంచుకున్న ఆ మూడంకెల సంఖ్య మారలేదు.