జనరేటర్‌ను కావాలనే షార్ట్ చేశాడు.. స్టాలిన్ సర్కార్ దేశం దాటనివ్వలేదు! ఎవరీ కపిట్జా?

కొండాపురం వైపు వాళ్లకు ముద్దనూరు ఆర్టీపీపీ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. అలాంటి చోట జనరేటర్ షార్ట్ సర్క్యూట్ అయిందంటే ఇంజినీర్లకు చెమటలు పట్టాల్సిందే. కానీ దాదాపు వందేళ్ల కిందట ఒకాయన కావాలనే జనరేటర్‌ను షార్ట్ చేసేవాడు. ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ. ఆయనే రష్యన్ సైంటిస్ట్ ప్యోటర్ కపిట్జా.

1894లో క్రోన్‌స్టాట్‌లో పుట్టాడు. తండ్రి మిలటరీ ఇంజినీర్. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన అంటురోగాలు ఆ ఇంటిని తుడిచిపెట్టేశాయి. తండ్రి, భార్య, ఇద్దరు పసిబిడ్డలు.. అందరూ కొద్ది వారాల్లోనే పోయారు. ఆ దుఃఖంతోనే 1921లో ఇంగ్లండ్ చేరి, కేంబ్రిడ్జ్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర పనికి కుదిరాడు. గురువుకు ఈయన పెట్టిన ముద్దుపేరు మొసలి!

ఇంతకీ జనరేటర్ గొడవేంటి? కపిట్జాకు మహా బలమైన అయస్కాంత క్షేత్రం కావాలి. తీగచుట్టలో ఎంత ఎక్కువ కరెంటు పంపితే క్షేత్రం అంత బలంగా వస్తుంది. కానీ అంత కరెంటు పంపితే తీగ వేడెక్కి కరిగిపోతుంది. అప్పుడే ఆయనకు ఐడియా తట్టింది. కరెంటును రెప్పపాటు కంటే తక్కువసేపు పంపితే? తీగ వేడెక్కేలోపే పని అయిపోతుంది కదా!

1924లో బ్యాటరీలతో మొదలుపెట్టి, తర్వాత స్పెషల్‌గా చేయించిన జనరేటర్‌ను వాడాడు. సెకనులో వందో వంతు కాలం మాత్రమే కరెంటు. వచ్చిన క్షేత్రం 32 టెస్లా. మన ఆస్పత్రుల్లో ఎంఆర్ఐ మెషిన్‌ది మామూలుగా 1.5 లేదా 3 టెస్లానే. షార్ట్ చేయగానే జనరేటర్ కింద నేల అదిరేది. అందుకే తీగచుట్టను 20 మీటర్ల దూరంలో పెట్టాడు. ఆ అదురు అక్కడికి చేరేలోపే ప్రయోగం ముగిసిపోయేది. మా లెక్కలో ఆయన తెలివి మొత్తం ఈ 20 మీటర్లలోనే ఉంది.

1933లో కేంబ్రిడ్జ్‌లో ఆయన కోసమే కొత్త ల్యాబ్ తెరిచారు. గోడ మీద మొసలి బొమ్మ కూడా చెక్కించాడు.

సీన్ కట్ చేస్తే 1934. సొంతూరు చూద్దామని రష్యా వెళ్లిన కపిట్జాను అధికారులు తిరిగి వెళ్లనివ్వలేదు. పిల్లలిద్దరూ కేంబ్రిడ్జ్‌లోనే ఉండిపోవడంతో భార్య అన్నా ఒంటరిగా వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. చేతిలో మెషిన్లు లేవు, పని లేదు. చివరికి సోవియట్ ప్రభుత్వం 30 వేల పౌండ్లు పెట్టి ఆ ల్యాబ్ సామాన్లు కొనుక్కుంది. జనరేటర్ మాస్కో చేరింది.. భార్యాపిల్లలూ చేరారు.

అక్కడే హీలియం ద్రవం సుమారు మైనస్ 271 డిగ్రీల దగ్గర ఏ అడ్డూ లేకుండా జారిపోతుందని చూపించాడు. అదే ఏడాది, 1938లో, తోటి సైంటిస్ట్ లాండౌను అరెస్టు చేశారు. ఆ రోజుల్లో అరెస్టయిన వాడి తరఫున నోరెత్తితే తన మెడకే చుట్టుకునేది. అయినా కపిట్జా పైవాళ్లకు ఉత్తరాలు రాశాడు, పూచీ ఉన్నాడు. ఏడాదికి లాండౌ బయటికొచ్చాడు. తర్వాత అణుబాంబు పనిలో బెరియాతో పడక 1946లో కపిట్జా పదవి ఊడింది. ఊరి బయట ఇంట్లోనే చిన్న ల్యాబ్ పెట్టుకుని ఏళ్ల తరబడి నెట్టుకొచ్చాడు. 1955లో మళ్లీ డైరెక్టర్ అయ్యాడు. 1978లో నోబెల్ వచ్చింది. అప్పటికి వయసు 84. 1984లో కన్నుమూశాడు.

ఇప్పుడు అదే పల్స్ టెక్నిక్‌తో సూపర్ కండక్టర్ బిళ్లలను అయస్కాంతాలుగా మారుస్తున్నారు. బిళ్లను బాగా చల్లబరిచి, పక్కనున్న తీగచుట్టలో ఒక్క దెబ్బ కరెంటు కొడితే చాలు. కరెంటు ఆగినా క్షేత్రం బిళ్లలోనే చిక్కుకుపోతుంది. పెద్ద ఖరీదైన మ్యాగ్నెట్ అక్కర్లేదు. అయితే ఒక చిక్కుంది. క్షేత్రం అంత వేగంగా చొరబడితే బిళ్ల వేడెక్కి, పట్టుకున్నదాంట్లో కొంత వదిలేస్తుంది. అందుకే ఒకే పెద్ద దెబ్బ బదులు, ఇంకా చల్లబరుస్తూ విడతలవారీగా కొడుతున్నారు. కపిట్జాకు తీగ దగ్గర ఎదురైన ఆ వేడి, వీళ్లకు బిళ్ల దగ్గర ఎదురవుతోంది.