గోరాగారి పున్నమి పంక్తి

హేతుబద్ధముగ ఆలోచించువారు మన దేశమున ఏ కాలమునను లేకపోలేదు. వారిని ఒక్కచోట కూర్చి, నెలనెలా కలిసికొనునట్లు చేయగలిగినవారు మాత్రము అరుదు. ఒంటరిగ ఆలోచించు మనుష్యుడు ఇంట నోరు మెదపడు. ఊర తలవంచుకొని పోవును. తుదకు తన ఆలోచనయే తప్పేమో యని సందేహపడును. ఈనాడు హైదరాబాదు తూర్పుభాగమున దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్.బి. నగర్ వరకు, హాస్టళ్లలోను అద్దె గదులలోను, పలు జిల్లాలనుండి వచ్చిన యువజనులు నివసించుచున్నారు. ప్రక్క గదిలోనివాని పేరు తెలియనివారు వారిలో పెక్కురు. అట్టిచోట పదిమందిని చేర్చి హేతువిచారణకొక కూటమును నెలకొల్పదలచువారు తెలిసికొనదగిన జీవితము తెలుగునాట నొకటి గలదు. అది గోరా యను పేర ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారిది.

ఆయన 1902 నవంబరు 15వ తేదీన గంజాం ప్రాంతపు ఛత్రపురమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. 1922లో సరస్వతిగారిని వివాహమాడిరి; అప్పటికామె పదేండ్ల బాలిక. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రమున ఎం.ఏ. పట్టము పొంది అధ్యాపక వృత్తి నవలంబించిరి. మధురలో పనిచేయునపుడు, దయ్యములున్నవని జనులు వెరచు ఇంటనే కాపురముండిరి. పిదప కొలంబోలో నుండగా, గర్భవతియైన సరస్వతిగారు గ్రహణవేళ గర్భిణులకు విధించిన నియమములను లెక్కసేయకుండిరి. వాదించి ఒప్పించుటకంటె చేసి చూపుటయే మేలని ఆ దంపతులు ఆనాటనుండియే గ్రహించినట్లు తోచును.

చేసి చూపుటకు మూల్యము చెల్లింపవలసి వచ్చెను. 1928లో ఆయన జంద్యము ధరింప నిరాకరింపగా తండ్రి ఇంటినుండి వెడలగొట్టిరి. నాస్తిక భావముల మూలమున 1933లో కాకినాడ కళాశాల ఉద్యోగము పోయెను. తరువాత బందరు హిందూ కళాశాలలోను ఆ భావములే వివాదమునకు కారణమయ్యెను. బిడ్డలు గల గృహస్థునకు నెలజీతము పోవుట ఎట్టిదో పాఠకులూహింపగలరు. ఆయన మాత్రము మరియొక కొలువు వెదకికొనక, 1940లో కృష్ణాజిల్లా ముదునూరు గ్రామమునకు కుటుంబముతో తరలిపోయి, ఆ యేటి ఆగస్టు 10వ తేదీన నాస్తిక కేంద్రమును స్థాపించిరి.

ముదునూరున ఆయన కేవలము ఉపన్యాసములిచ్చుచు కూర్చుండలేదు. వయోజనులకు చదువు చెప్పుట, అస్పృశ్యతను తొలగించుట ఆయన నిత్యకృత్యములు. ఆ దినములలో జరిపిన సహపంక్తి భోజనముల కథ మిక్కిలి గమనింపదగినది. ప్రతి పున్నమి రాత్రియు భిన్న కులములవారు ఒక్క పంక్తిని కూర్చుండి భుజించెడివారు. రాదలచినవాడు తన వంతు ఒక అణా ఇచ్చిన చాలును. కులము అడుగువారు లేరు. భోజన స్థలము నెలనెలకు మారుచుండెడిది.

ఈ ఏర్పాటునందలి సూక్ష్మమును కొంచెము విచారింతము. పున్నమి యనగా పంచాంగము చూడనక్కరలేదు, ఆకాశమే ఆహ్వానపత్రిక. అణా యిచ్చి వచ్చినవాడు ఒకరి దయకు పాత్రుడైన అతిథి కాడు. ఆ పంక్తిలో భాగస్వామి. స్థలము మారుటచేత కూటము ఏ యొక్కరి సొత్తును కాజాలదు. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. అంటరానివారని ఎంచబడినవారితో కలిసి తినుట ఆనాడు వెలికి దారితీయగల సాహసము. విస్తరి ముందు కూర్చున్నవాడు ఊరక విని పోవుటకు వీలులేదు. తన నమ్మకమును పదుగురి యెదుట పరీక్షకు పెట్టవలసినదే.

గోరాగారు గాంధీమహాత్మునితో జరిపిన చర్చలును ఇట్టివే. 1944లో సేవాగ్రామమున వారిరువురు కలిసికొనిరి. దైవమును నమ్మినవాడొకరు, నమ్మనివాడొకరు. ఐనను ఒకరి పనిని ఒకరు గౌరవించిరి. గోరాగారి నాస్తికత్వము తప్పని గాని, తన ఆస్తికత్వమే ఒప్పని గాని తాను నిర్ణయింపజాలనని గాంధీజీ అంగీకరించిరి. గోరాగారు తమ పెద్ద కుమార్తె మనోరమను అస్పృశ్యులుగ నెంచబడిన కులమునకు చెందిన అర్జునరావుకిచ్చి చేయ సంకల్పింపగా, వివాహవిధిలో దేవుని పేరునకు మారుగ సత్యమును నిలుపుటకు మహాత్ముడు సమ్మతించిరి. ఆయన హత్యానంతరము, 1948 మార్చిలో, ఆ వివాహము సేవాగ్రామముననే జరిగెను. 1960లో కుమారుడు లవణము మహాకవి జాషువాగారి కుమార్తె హేమలతను పరిణయమాడిరి. పున్నమి పంక్తి ఇంటిలోనికి ఇట్లు ప్రవేశించెను.

1947లో నాస్తిక కేంద్రము విజయవాడ పటమటకు మారెను. 1949లో ఆయన సంఘం పత్రికను స్థాపించిరి. పార్టీలు లేని ప్రజాస్వామ్యమును కోరి 1952లో పార్లమెంటుకు పోటీచేసి ఓడిపోయిరి. ఆ కోరిక నేటికిని ఫలింపలేదు, దానిని దాచనక్కరలేదు. కాని 1972లో ప్రపంచ నాస్తిక మహాసభ మొదటిసారిగ విజయవాడలోనే సమావేశమయ్యెను. అణా పంక్తితో పల్లెలో జనులను కూర్చినవాడు దేశదేశముల వారిని కూర్చుటకు ఎదిగెను.

దిల్‌సుఖ్‌నగర్‌లో నేడు అణా చెల్లదు. విద్యుద్దీపముల వెలుగున పున్నమి కంటికానదు. ఐనను నెలకొక నిశ్చిత దినము, టీఖర్చుకు తలకింత చందా, ఒకమారు చైతన్యపురిలోని గది, మరొకమారు ఎల్.బి. నగర్‌లోని మేడ—ఇవి ఎవరికిని అసాధ్యములు కావు. మెట్రో రైలు ఈ మూడు చోట్లను ఒక్క వరుసలో కలుపుచున్నది. కష్టమైనది రెండవ భాగము. వచ్చినవారు ఇతరుల మూఢత్వమును పరిహసించి సంతుష్టులై వెడలిన అది కాలక్షేపమగును. తమ ఇంటి పెండ్లిలో కులమును, తమ పరీక్షకు ముందు ముహూర్తమును, తమ వ్యాధికి తాయెత్తును తామే ప్రశ్నించుకొనిననాడు అది గోరాగారి పంక్తి యగును.

1975 జులై 26వ తేదీన విజయవాడలో ఒక సభయందు మాటలాడుచుండగనే గోరాగారు కన్నుమూసిరి. సరస్వతిగారు 2006లో మరణించువరకు కేంద్రపు పనిని విడువలేదు. వారిరువురును లేని నేటికిని పటమటలో ఆ కేంద్రము నిలిచియున్నది.