నోటి మాటకును నియమము గలదు
లియొనార్డ్ బ్లూమ్‌ఫీల్డ్ జీవితము

మారిషస్, ఫిజీ, నేటాలు చెఱకుతోటలకు కూలికై సముద్రములు దాటిన మన పూర్వులలో అనేకులకు అక్షరజ్ఞానము లేకుండెను. వారి తెలుగు నోటిమాటగానే తల్లినుండి బిడ్డకు సంక్రమించెను. దానిని చెడిన భాషయని చిన్నచూపు చూచినవారు గలరు. ఆ సంతతివారమై నేడు అమెరికాలో నివసించు మనలోను కొందఱు అట్లే తలచి సిగ్గుపడుచున్నారు. వ్రాతలేని భాషకును నియమము గలదని ఋజువుచేసిన అమెరికా పండితుడు లియొనార్డ్ బ్లూమ్‌ఫీల్డ్ చరిత్ర అట్టివారు తప్పక తెలిసికొనదగినది.

ఆయన 1887 ఏప్రిల్ 1న చికాగోలో జన్మించెను. హార్వర్డులో చదివి, 1909లో చికాగో విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందెను. 1913-14లో జర్మనీకేగి, ధ్వనుల మార్పు నియమబద్ధమని బోధించు పండితులకడ విద్య నేర్చెను. పాణిని వ్యాకరణమును శ్రద్ధతో పఠించి దానిని ఆదర్శముగా గైకొనెను.

ధ్వనినియమమనగా నేమి? మన చెవి కన్నడమున కివి. మన చెఱువు అచ్చట కెఱె. ఇకార ఎకారముల ముందు ప్రాచీన కకారము తెలుగున చకారమైనది. ఈ మార్పు ఒక్క మాటలో గాక, వరుసగా పెక్కు మాటలలో కానవచ్చును.

ఐరోపా భాషలకు శతాబ్దముల వ్రాతలు సాక్ష్యముగా నుండెను. లిపిలేని అమెరికా ఆదివాసుల భాషలలో ఇట్టి నియమము చెల్లునాయని సందేహించినవారుండిరి. బ్లూమ్‌ఫీల్డ్ 1920, 1921 వేసవులలో విస్కాన్సిన్ రాష్ట్రమున మెనామినీ జాతివారి మధ్య వసించి, వారి కథలను విన్నది విన్నట్లు వ్రాసికొనెను. 1925లో ఫాక్స్, ఓజిబ్వా, క్రీ, మెనామినీ భాషలను పోల్చి ఒక వ్యాసము ప్రకటించెను. అందు ఎఱుపును దెలుపు మాటలోని హల్లుల జంట ఏ వరుసకును పొసగలేదు. ఆయన దానిని అపవాదమని త్రోసివేయక, మూలభాషలో అది వేఱొక జంటయై యుండవలెనని నిర్ణయించెను. కెనడాలోని మానిటోబా ప్రాంతపు క్రీ మాండలికమున ఆ జంట వేఱుగానే నిలిచియున్నదని పిదప తేలెను. 1928లో ఆయన ఆ సంగతిని ప్రకటించెను. లిపి యెఱుగని జనుల నాలుకయే సాక్ష్యము పలికెను!

మెనామినీలు సయితము తమలో చక్కగా మాటాడువారిని, మాటాడలేనివారిని గుర్తింతురని ఆయన 1927లో వ్రాసెను. మంచి భాషకు బడియే మూలము కాదని దీనివలన తెలియుచున్నది.

1933లో ఆయన మహాగ్రంథము ‘లాంగ్వేజ్’ వెలువడెను. 1940లో యేల్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1946లో పక్షవాతము సోకి పని నిలిచిపోయెను. 1949 ఏప్రిల్ 18న న్యూహేవెన్‌లో దివంగతుడయ్యెను. ఆయన వ్రాసియుంచిన మెనామినీ వ్యాకరణము 1962లో చార్లెస్ హాకెట్ సంపాదకత్వమున ముద్రితమయ్యెను.

సోదర సోదరీమణులారా! క్రొత్త కొత్తయైనది, ప్రొద్దు పొద్దైనది, మ్రాను మానైనది. ఇది తప్పు గాదు, భాష నడచిన త్రోవ. మన అవ్వల మాటలలోని మార్పులకును ఇట్టి త్రోవ యుండవచ్చును. వ్రాసికొనినగాని అది తెలియదు. మెనామినీ వృద్ధుల చెంత ఒకడు కలముతో గూర్చుండినందున వారి పలుకు నిలిచినది. మన పెద్దల చెంత గూర్చుండవలసినవారము మనమే.