తల్లిపాల పక్షాన నిలిచిన వైద్యురాలు సిసిలీ విలియమ్స్

డబ్బా పాలను డాక్టర్ సిసిలీ విలియమ్స్ ఒకచోట చికిత్సకు వాడారు, మరొకచోట అవే పాలు పసికందుల ప్రాణాలు తీస్తున్నాయని హెచ్చరించారు. ఏ వయసు బిడ్డకు, దేనికి బదులుగా పడుతున్నారన్నదే ఆమె దృష్టిలో అసలు ప్రశ్న.

1893లో జమైకాలో జన్మించిన ఆమె ఆక్స్‌ఫర్డ్‌లో వైద్యవిద్య అభ్యసించారు. 1929లో బ్రిటిష్ వలస ప్రభుత్వ వైద్యురాలిగా గోల్డ్‌కోస్ట్‌కు, అంటే నేటి ఘనాకు వెళ్లారు. అక్కడ ఏడాది నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలు కాళ్లూ చేతులూ వాచి, చర్మం పొరలుగా ఊడి మరణిస్తుండేవారు. స్థానికులు ఆ వ్యాధిని క్వాషియోర్కర్ అనేవారు. తమ్ముడో చెల్లెలో పుట్టడంతో తల్లిపాలకు దూరమైన బిడ్డకు వచ్చే జబ్బని దాని భావం. కారణం ఆ పేరులోనే ఉందని ఆమె గ్రహించారు. పాలు మాన్పించాక ఆ పిల్లలకు దక్కేది ప్రధానంగా మొక్కజొన్న జావే. అది పెల్లాగ్రా అన్న నిపుణులతో ఆమె విభేదించి, 1933, 1935 సంవత్సరాల్లో ప్రచురించిన వ్యాసాల్లో రెండింటి తేడాను వివరించారు. డబ్బా పాలు, కాడ్ లివర్ నూనెతో కొందరు పిల్లలు కోలుకున్నారు.

1936లో మలయాకు బదిలీ అయ్యాక పరిస్థితి తారుమారుగా కనిపించింది. నర్సుల వేషంలో ఉన్న అమ్మకందారులు బాలింతలకు చక్కెర కలిపిన డబ్బా పాలను అంటగడుతున్నారు. తల్లిపాలు అందాల్సిన శిశువులు వాటి పాలవుతున్నారు. 1939లో సింగపూర్ రోటరీ క్లబ్‌లో ‘పాలు, హత్య’ శీర్షికతో ప్రసంగించి, ఈ ప్రచారాన్ని ఆమె తీవ్రంగా ఖండించారు.

యుద్ధకాలంలో జపాన్ సైన్యం ఆమెను చాంగి జైలులో నిర్బంధించింది. ఆ ఆకలి చెరలో పుట్టిన 20 మంది శిశువులూ తల్లిపాలే తాగి బతికారని ఆమె నమోదు చేశారు. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మాతాశిశు ఆరోగ్య విభాగానికి తొలి అధిపతి అయ్యారు.

క్వాషియోర్కర్‌కు మాంసకృత్తుల లోపమే ఏకైక కారణమన్న అభిప్రాయం తరువాత ప్రశ్నకు గురైంది. ఒకే రకం ఆహారం తీసుకునే పిల్లల్లో కొందరికి క్వాషియోర్కర్, కొందరికి మరాస్మస్ వస్తున్నాయని 1960వ దశకంలో హైదరాబాద్‌లో డాక్టర్ సి. గోపాలన్ బృందం గుర్తించింది. అయితే పాలు మాన్పించే దశలో బిడ్డకు సరైన అనుబంధ ఆహారం అందాలన్న పాఠం చెక్కుచెదరలేదు.

తల్లిపాల ప్రత్యామ్నాయాల వ్యాపార ప్రచారాన్ని నియంత్రించే అంతర్జాతీయ నియమావళి 1981లో వెలువడింది. 1992 జులైలో, 98వ ఏట సిసిలీ కన్నుమూశారు. అదే ఏడాది డిసెంబరులో భారత్ శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టాన్ని తెచ్చింది. అవసరమైన బిడ్డకు డబ్బా పాలు వాడడాన్ని ఆ చట్టం నిషేధించలేదు. వాటి ప్రకటనలను, తల్లులకు ఉచిత నమూనాల పంపిణీని నిషేధించింది.